గాలిగది

అద్దాల మెరుపు, వీడ్కోళ్లు, సెల్ఫీలు అన్నీ పైనే.
నా డ్యూటీ కింద,
తలుపు మీద ఎర్రక్షరాలున్న గదిలో.
లోపల ఒకటే రొద,
వానకు ముందు చింతతోపు ఊగినట్టు.
వాన మాత్రం రాదు.

రాత్రి ఒంటిగంటకు ఫ్యాను ఆపి
మరలు వదులు చేసి
పాత ఫిల్టర్లు ఒక్కొక్కటే లాగుతాను.
పెట్టిననాడు ఉతికిన పంచె.
ఇప్పుడు కుంపటి అడుగు.
గౌసుద్దీన్ సాబ్ ఒకటి అందుకుని
అరచేతుల్లో తూకం చూసి
"ఇదిగో మియా, మన షహర్" అంటాడు.

ఏముంది అందులో?
కొత్తూరు దిక్కు లేస్తున్న అపార్టుమెంట్ల సిమెంటు,
రన్‌వే మీద కాలిన రబ్బరు,
ఉమ్రాకు పోయే ముసలమ్మ శాలువా నూలుపోగు,
వెంట్రుకలు, తుమ్ములు, అత్తరు,
మొదటిసారి దుబాయి పోయే పిల్లగాడు
బాత్రూం తలుపేసుకుని వదిలిన నిట్టూర్పు.
అది అంటుకుంటదో లేదో నాకు తెల్వదు.
అన్నిటికంటే ముందు అదే అంటుకుంటదంటాడు సాబ్.

గోడ మీద ఒక మీటరు.
మనుషులు వదిలిన ఊపిరికి లెక్క చెప్తుంది.
ఖాళీ వేళ ఐదువందలు.
జెడ్డా, మస్కట్ ఒక్కసారే పిలిస్తే
పన్నెండువందలు.
అప్పుడు బయటిగాలి తలుపు ఇంకొంచెం తెరవాలి.
తెరిస్తే బయట ఉన్నదే వస్తుంది.
చలికాలం తెల్లవారుజామున
చెత్తకుప్పల పొగ లేవలేక నేలమీదే పడుకునుంటుంది.
తెరవకపోతే ఒకరి ఊపిరి ఒకరు తాగుతారు.
ఈ రెండింటి నడుమ
ఒక చిన్న పిడి, నా బొటనవేలు.

పైన ఎవరికీ తెలియదు.
తెలియలేదంటే మా పని బాగున్నట్టు.
ఏడేళ్లలో వచ్చింది ఒక్కటే ఫిర్యాదు:
గేటు దగ్గర బిర్యానీ వాసన వస్తోందని.
రాసినాయన ఆకలి మీదున్నాడని
మేమిద్దరం విచారణ ముగించాం.

రాళ్లగూడలో మా గది.
విమానం కడుపు మీది గీతలు కనపడేంత దగ్గర.
పాప లౌక్యకు రాత్రయితే పిల్లికూతలు.
డాక్టరు పంపు రాసిచ్చి
దుమ్ముకు దూరంగా ఉంచమన్నాడు.
దూరం ఏ దిక్కునుందో చీటీలో లేదు.

పోయిన నెల స్టోరులో
మూల విరిగిన కొత్త ఫిల్టరు కనపడితే అడిగాను.
సాబ్ చాలాసేపు రిజిస్టరు తిరగేసి
పనికిరాదు అని రాసి
కళ్లద్దాలు తుడుచుకుంటూ అటు తిరిగాడు.

టేబుల్ ఫ్యాను వెనక పాత చున్నీతో కట్టాను.
"ఇది గాలా, గోడనా?" అంది మా భాగ్య.
నిజమే, సగమే వస్తుంది గాలి.
ఆ సగంలో మూడు రాత్రులు
పిల్లి కూయలేదు.
మూడు వారాలైనా కూయలేదు.
తర్వాత కూసింది.

లేచి లైటు వేస్తే
తెల్లటి మడతల మీద, ఫ్యాను రెక్కలంత మేర
గుండ్రంగా
బూడిదరంగు చందమామ.
వేలితో రాసి చూశాను.
అక్కడిదీ ఇదే దుమ్ము.
అక్కడ దానికో తేదీ ఉంది, కింద ఒక సంతకం ఉంది.
సంతకం నాదే.

దగ్గుకుంటూ లేచొచ్చిన లౌక్య
చందమామ మీద వేలుపెట్టి ల రాసింది.
ఔత్వం రేపు పెడతానంది.

ఇవాళ స్టోరు ముందు ఆగాను.
వరసగా ఇరవైనాలుగు, అట్టపెట్టెల్లోంచి తీసినవి,
ఒక్కదాని మూలా విరగలేదు.
సాబ్ నమాజుకు పోయాడు.
చివరిదాని అంచు మీద
బొటనవేలు ఆనించి నిలబడ్డాను.
చెక్క మెత్తగానే ఉంది.
పైన జెడ్డాకు పిలుస్తున్నారు,
గోడ మీద అంకె ఎక్కుతోంది.